‘యాన్ యూనివర్సిటీ’ ఎందుకు తప్పు, ‘యాన్ ఎమ్మెల్యే’ ఎందుకు ఒప్పు?

ప్రశ్న:

నేను ఖమ్మం జిల్లాలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు ఇంగ్లిష్ చెబుతున్నాను. డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదువుకున్నాను. ఇప్పుడు డీఎస్సీకి కూడా చదువుతున్నాను. నాకు చిన్నప్పుడు చెప్పిందే పిల్లలకూ చెబుతూ వచ్చాను: ఎ, ఇ, ఐ, ఓ, యు అనే అయిదు అక్షరాల ముందు ‘యాన్’, మిగతా వాటి ముందు ‘ఎ’. మొన్న ఆరో తరగతి పాప ‘ఎ యూనివర్సిటీ’ అని రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసి ‘యాన్’ అని దిద్దాను. మర్నాడు వాళ్ల నాన్న నోట్‌బుక్‌లో చీటీ పెట్టి పంపారు, పాప రాసిందే కరెక్టు అని. నెట్‌లో చూస్తే ఆయన మాటే నిజం. అక్షరం కాదు, శబ్దం చూడాలని అక్కడ ఉంది. సరేనని శబ్దం వినడం మొదలుపెడితే ఇంకా గందరగోళంగా ఉంది. ఎమ్మెల్యే అన్నప్పుడు నాకు ‘యె’ అనే వినిపిస్తోంది, మరి దానికి ‘యాన్’ ఎందుకు? ఇయర్ అంటే మొదట ‘ఇ’ కదా, ‘యాన్ ఇయర్’ అని చాలా చోట్ల చూశాను, అదీ తప్పంటున్నారు. మోడల్ పేపర్లో ఈ బిట్ కనిపిస్తే చాలు టెన్షన్ వస్తోంది. పిల్లల ముందు నేను చెప్పిన మాటను ఎలా మార్చుకోవాలో కూడా తెలియడం లేదు.

– ఒక టీచరు

సమాధానం:

అమ్మా,

మీ చెవి మీకు అబద్ధం చెప్పడం లేదు. ముందు ఆ దిగులు వదిలేయండి. ఎమ్మెల్యే అన్నప్పుడు మీకు ‘యె’ వినిపిస్తోందంటే, మనవాళ్ల నోట నిజంగానే ‘యె’ వస్తోంది కాబట్టే. అక్షరం కాదు, శబ్దం చూడాలన్న సూత్రం పూర్తిగా సరైనదే. కాకపోతే ఎవరి నోటి శబ్దం చూడాలో ఎవరూ చెప్పరు. చూడాల్సింది ఇంగ్లిష్‌లో ఆ మాటకున్న శబ్దం. అదే మాట తెలుగు నోట పడేసరికి కొంచెం మారుతుంది. ఆ మారిన శబ్దంతో లెక్క వేస్తే చాలా చోట్ల తప్పు వస్తుంది. మన పిల్లలకు ఈ పాఠంలో అసలు చెప్పాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం. మామూలు గ్రామర్ పుస్తకాలు తెలుగు పిల్లల్ని మనసులో పెట్టుకుని రాసినవి కావు. మీ ముందు కూర్చున్నది మాత్రం తెలుగు పిల్లలే.

‘ఎ’, ‘యాన్’లను ఆర్టికల్స్ అంటారు కదా, వీటికి ఈ రెండు రూపాలు ఎందుకున్నాయో చెబితే పిల్లలకు సగం పాఠం అర్థమైపోతుంది. రెండు అచ్చులు పక్కపక్కన వస్తే పలకడం ఇబ్బంది. ‘ఎ అంకుల్’ అని ఒకసారి పైకి అని చూడండి, మధ్యలో గొంతు ఆగుతుంది. ఈ ఇబ్బంది తెలుగుకూ ఉంది. హైస్కూల్ తెలుగులో చదువుకున్న యడాగమం గుర్తు తెచ్చుకోండి. మా, అమ్మ కలిపితే మాయమ్మ. అచ్చుకూ అచ్చుకూ మధ్య ‘య’ వచ్చింది. మనకు ‘య’ చేసే పనిని ఇంగ్లిష్‌లో ఇక్కడ ‘న’ చేస్తోంది.

నిజానికి ఆ ‘న’ కొత్తగా వచ్చి చేరింది కాదు, మొదటి నుంచీ ఉన్నదే. పాత ఇంగ్లిష్‌లో ఒకటి అనే అంకెకు ఉన్న మాట చివర ‘న’ ఉండేది. మన ‘ఒక’ లాగే ఆ అంకే మెల్లగా ఆర్టికల్ పని కూడా చేయడం మొదలుపెట్టింది. కాలం గడిచేకొద్దీ హల్లుల ముందు ఆ ‘న’ జారిపోయి ‘ఎ’ మిగిలింది, అచ్చుల ముందు మాత్రం నిలిచిపోయింది. అంటే ముందు పుట్టింది ‘యాన్’, దాని పొట్టి రూపం ‘ఎ’.

ఆ ‘న’ పక్క మాటకు ఎంతగా అతుక్కుపోతుందంటే, అది ఆర్టికల్‌దో మాటదో ఇంగ్లిష్‌వాళ్లకే తెలియకుండా పోయిన సందర్భాలున్నాయి. క్రికెట్‌లో అంపైర్ ఉంటాడు కదా, ఆ మాట పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన కొత్తలో ‘న’తో మొదలయ్యేది. జతలో లేనివాడు, అంటే ఇద్దరి మధ్య మూడోవాడు అని దాని అర్థం. ‘ఎ నంపైర్’ అన్నట్టుగా గబగబా అంటుంటే ‘యాన్ అంపైర్’లా వినిపించి, చివరికి మాటలో ఉన్న ‘న’ ఆర్టికల్‌కు వెళ్లిపోయింది. వంట చేసేటప్పుడు కట్టుకునే ఏప్రన్‌ది కూడా ఇదే కథ. అదీ మొదట్లో ‘న’తోనే ఉండేది, న్యాప్‌కిన్‌కు చుట్టం. మీ పిల్లలకు ఈ అంపైర్ కథ చెప్పండి. అబ్బాయిలైతే అస్సలు మర్చిపోరు.

ఇక మన చిక్కు దగ్గరికి వద్దాం. తెలుగులో మాట మొదట ‘ఎ, ఏ’ ఉంటే పలికేటప్పుడు దాని ముందు సన్నగా ‘య’ వస్తుంది. ఎవరు అని రాస్తాం, యెవరు అంటాం. ఎండ అని రాస్తాం, యెండ అంటాం. ‘ఒ, ఓ’ల ముందు అలాగే ‘వ’ వస్తుంది. ఒకటి అని రాసినా మన నోట వచ్చేది వొకటి. ఇందులో తప్పేమీ లేదు, మన భాష తీరే అది. ఈ అలవాటు ఇంగ్లిష్ మాటలకూ పాకుతుంది. ఎగ్ కాస్తా యెగ్ అవుతుంది, ఎగ్జామ్ యెగ్జామ్ అవుతుంది, ఓల్డ్ వోల్డ్ అవుతుంది. కొన్నిటినైతే రాయడమే ‘య’తో రాస్తాం: యాక్టర్, యాంకర్, యాసిడ్, యాక్సిడెంట్, యాపిల్. ఆ మొదటి అచ్చుకు తెలుగులో అక్షరం లేదు కాబట్టి ‘యా’తో సరిపెట్టుకున్నాం. అంతెందుకు, ‘యాన్’ అనే ఆర్టికల్‌నే చూడండి, నేను దాన్ని ఇంతసేపూ ‘య’తోనే రాస్తున్నాను. ఇంగ్లిష్ ఉచ్చారణలో వీటిలో దేనికీ ముందు ‘య’ లేదు. ఉన్నదల్లా అచ్చే. అందుకే యాన్ యాక్టర్, యాన్ యాంకర్, యాన్ ఎగ్జామ్, యాన్ ఓల్డ్ టెంపుల్, మీరు అడిగిన యాన్ ఎమ్మెల్యే.

మరి మాట ముందు వినిపించే ‘య’ మనం తగిలించిందో, ఇంగ్లిష్‌లో ముందే ఉన్నదో పిల్లలు ఎలా కనుక్కుంటారు? దీనికి మన సంధే సాయం చేస్తుంది. ‘అతడు’ ‘ఎక్కడ’ అని విడివిడిగా అంటే రెండో మాట ‘యెక్కడ’ అనే వస్తుంది. కలిపి ‘అతడెక్కడ’ అనండి, ‘య’ పోయింది. అది మన నోరు తగిలించింది కాబట్టే అంత తేలిగ్గా పోయింది. ఇంగ్లిష్ ఆర్టికల్‌తోనూ ఇదే చేయించండి. ఇంగ్లిష్‌వాళ్లు మామూలు మాటల్లో ‘యాన్’ను ఒత్తి పలకరు, తేలిగ్గా ‘అన్’ అనేసి పక్క మాటలో కలిపేస్తారు. బోర్డు మీద తెలుగులోనే రాయండి: అన్, ఎగ్ కలిస్తే అనెగ్. అన్, ఎగ్జామ్ కలిస్తే అనెగ్జామ్. అన్, ఎమ్మెల్యే కలిస్తే అనెమ్మెల్యే. ‘య’ ఎక్కడా మిగల్లేదు. అంటే అక్కడ ఉన్నది అచ్చే, ‘యాన్’ ఖాయం. ఇప్పుడు అన్, యూనివర్సిటీ కలపండి. అన్యూనివర్సిటీ. ఎంత కలిపినా ‘య’ పోలేదు, ‘న’ కింద వత్తులా అక్కడే కూర్చుంది. అంటే అది ఇంగ్లిష్‌లో నిజంగా ఉన్న ‘య’. కాబట్టి ‘న’ అక్కర్లేదు, ‘ఎ యూనివర్సిటీ’. తరగతి మొత్తం చేత గట్టిగా పలికించండి. కంటితో చదివితే రాని తేడా నోటితో అంటే వస్తుంది.

ఈ పరీక్ష ‘యా’తో రాసే మాటలకు మాత్రం సరిగ్గా పని చేయదు. అక్కడ ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసుకోవాలి. స్పెల్లింగ్ ‘ఎ’ అక్షరంతో మొదలైతే యాక్టర్ లాంటిది, ‘యాన్’ పెట్టాలి. ‘వై’ అక్షరంతో మొదలైతే ‘య’ అసలైనదే, ‘ఎ’ పెట్టాలి. మిర్చి యార్డులో యార్డు అలాంటిది: ఎ యార్డ్.

మీ రెండో అనుమానం ‘యాన్ ఇయర్’. నోటీసుల్లో, కరపత్రాల్లో, కొన్నిసార్లు బాగా చదువుకున్నవాళ్లు రాసిన ఉత్తరాల్లో కూడా ఇది కనిపిస్తుంది. సంవత్సరం అనే అర్థంలో ఎక్కడ కనిపించినా తప్పే. ఎగ్ ముందు మనం లేని ‘య’ను తగిలిస్తే, ఇక్కడ ఉన్న ‘య’ను మింగేస్తున్నాం. తెలుగు మాటలకు మొదట ‘య’ ఉండదని, ‘వు, వూ, వొ, వో’లు కూడా ఉండవని చిన్నయ సూరి బాలవ్యాకరణంలోనే ఉంది. మన నోట వచ్చే సన్నని ‘య, వ’లు అచ్చులో భాగంగా కలిసిపోయినవే, వాటిని మనం వేరే హల్లుగా లెక్కపెట్టం. అందువల్ల ‘ఇ’కీ ‘యి’కీ, ‘ఉ’కీ ‘వు’కీ తేడా మన చెవికి ఆనదు. సంవత్సరానికీ చెవికీ ఇంగ్లిష్‌లో ఉన్న రెండు వేర్వేరు మాటల్ని మనం ఒకేలా ఇయర్ అంటాం. తూర్పు దిక్కూ, బేకరీలో పిండి పొంగడానికి వేసే పదార్థమూ మనకు రెండూ ఈస్టే. ఇంగ్లిష్‌లో సంవత్సరానికి ముందు స్పష్టంగా ‘య’ ఉంది, చెవికి లేదు. అందుకే సంవత్సరమైతే ‘ఎ ఇయర్’, చెవి అయితే ‘యాన్ ఇయర్’. ఇలాగే ‘వ’ను మింగేసి ఉమన్, ఉడ్, ఊల్ అంటాం. ఇంగ్లిష్‌లో వాటి ముందు పెదాలు గుండ్రంగా చుట్టి పలికే హల్లు ఉంది. కాబట్టి ఎ ఉమన్, ఎ ఉడెన్ చెయిర్, ఎ ఊలెన్ శాలువా.

వీటి విషయంలో చెవిని నమ్మమని పిల్లలకు చెప్పకండి, స్పెల్లింగ్‌నే నమ్మమనండి. రోజూ వాడే మాట ఏదైనా ‘వై’తో గానీ ‘డబ్ల్యూ’తో గానీ మొదలైతే కళ్లు మూసుకుని ‘ఎ’ పెట్టేయవచ్చు.

‘యు’తో మొదలయ్యే మాటల దగ్గర మనకు ఒక సుఖం ఉంది. తెలుగులో రాసి చూస్తే చాలు, ఏది ఏదో కళ్లముందే కనిపిస్తుంది. అంకుల్, అంబ్రెల్లా, అర్జెంట్, అగ్లీ: మొదట అచ్చు ఉంది, ‘యాన్’ పెట్టాలి. యూనిఫామ్, యూనిట్, యూనియన్, యూజ్‌ఫుల్: మొదట ‘యూ’ ఉంది, ‘ఎ’ పెట్టాలి. ఉర్దూ, ఊబర్ కూడా అచ్చులే కాబట్టి యాన్ ఉర్దూ టీచర్, యాన్ ఊబర్. స్పెల్లింగ్ ‘ఇ’తో మొదలై ‘యూ’ అని పలికేవి కొన్ని ఉన్నాయి, పరీక్ష పేపర్లు తయారుచేసేవాళ్లకు ఇవంటే మహా ఇష్టం. యూరోపియన్ అలాంటిది, ఎ యూరోపియన్ కంట్రీ. మీ ఖమ్మం వైపు ఎక్కడ చూసినా కనిపించే జామాయిల్ చెట్టు ఇంగ్లిష్ పేరు యూకలిప్టస్ కూడా అలాంటిదే, ఎ యూకలిప్టస్ ట్రీ. కాదు అనే అర్థంలో మాట ముందు ‘అన్’ చేరితే మాత్రం మోసపోకండి. యూనియన్‌కూ, పిలవని చుట్టాన్ని చెప్పే అనిన్వైటెడ్‌కూ మొదటి మూడు అక్షరాలు ఒకటే. కానీ రెండోది ‘అ’తో పలుకుతుంది కాబట్టి యాన్ అనిన్వైటెడ్ గెస్ట్.

‘ఓ’ అక్షరంతో మొదలయ్యే రోజువారీ మాటల్లో తేడాగా పలికేవి ముఖ్యంగా రెండు, వన్, వన్స్. వీటి ముందు ‘వ’ నిజంగానే ఉంది. ఎ వన్-వే రోడ్, ఎ వన్ రుపీ కాయిన్. దీనికి మన ఫోన్లకు వచ్చే ఓటీపీని మించిన ఉదాహరణ లేదు. పొట్టిగా అంటే యాన్ ఓటీపీ. విడదీసి పూర్తిగా అంటే ఎ వన్-టైమ్ పాస్‌వర్డ్. వస్తువు ఒకటే, మొదటి అక్షరమూ ఒకటే, నోటి నుంచి వచ్చే మొదటి శబ్దం మారింది, ఆర్టికల్ మారింది. శబ్దమే చూడాలి అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

‘హెచ్’ పలకని మాటల మూలాలు నాలుగే గుర్తు పెట్టుకుంటే చాలు: గంట, నిజాయితీ, గౌరవం, వారసుడు. ఇంగ్లిష్‌లో అవర్, ఆనెస్ట్, ఆనర్, ఎయిర్. వీటి నుంచి పుట్టినవన్నీ అంతే. శిలాఫలకాల మీద మంత్రుల పేర్ల ముందు వేసే ఆనరబుల్, అంగన్‌వాడీ టీచర్లకు ఇచ్చే గౌరవ వేతనానికి వాడే ఆనరేరియం ఈ కుటుంబమే. ఇక్కడా మన నోరు అడ్డం వస్తుంది. చాలామంది ‘హానెస్ట్‌గా చెప్పాలంటే’ అంటారు. అక్కడ ‘హ’ లేదు. హాస్పిటల్‌ను ఆస్పత్రి అంటాం, ఇక్కడేమో ఉన్న ‘హ’ పోయింది. అందుకని పిల్లలు ‘ఎ హానెస్ట్ బాయ్’ అనీ ‘యాన్ హాస్పిటల్’ అనీ రెండు తప్పులూ చేస్తారు. యాన్ ఆనెస్ట్ బాయ్, ఎ హాస్పిటల్ అని పక్కపక్కనే పెట్టి చెప్పండి. పాత పుస్తకాల్లో ‘యాన్ హిస్టారికల్’ అని కనిపిస్తే కంగారు పడకండి, ఒకప్పుడు అలా రాసేవారు, ఇప్పటికీ కొందరు రాస్తారు. మీరు ‘ఎ హిస్టారికల్’ అనే నేర్పండి. మూలికకు వాడే మాటను అమెరికావాళ్లు ‘అర్బ్’ అన్నట్టుగా ‘హ’ లేకుండా పలుకుతారు కాబట్టి వాళ్లకు ‘యాన్’, బ్రిటిష్ పద్ధతిలో ‘ఎ హెర్బ్’. మన బడుల్లో బ్రిటిష్ పద్ధతే నడుస్తుంది.

పొట్టి పేర్ల దగ్గరే మనవాళ్లు ఎక్కువ తడబడతారు. మన రోజువారీ జీవితం నిండా ఉన్నవి అవే కాబట్టి కొంచెం ఆగి చూద్దాం. అక్షరం అక్షరంగా పలికే పేరైతే మొదటి అక్షరం పేరు ఎలా పలుకుతుందో చూడాలి. ఎఫ్, ఎల్, ఎమ్, ఎన్, ఎస్, ఎక్స్, ఆర్ ఇవన్నీ హల్లులే అయినా వాటి పేర్లు మాత్రం అచ్చుతో మొదలవుతాయి. అందుకే యాన్ ఎస్సై, యాన్ ఎఫ్ఐఆర్, యాన్ ఎమ్మార్వో, యాన్ ఎల్ఐసీ పాలసీ, యాన్ ఆర్టీసీ బస్, యాన్ ఎక్స్‌రే. మీరు రాయబోయే పరీక్షలో వచ్చేది యాన్ ఎస్జీటీ పోస్ట్, అదే విడదీస్తే ఎ సెకండరీ గ్రేడ్ టీచర్ పోస్ట్. ‘యు’ అక్షరం దీనికి ఎదురు. అది అచ్చు అయినా పేరు ‘యూ’, కాబట్టి ఎ యూపీఐ పేమెంట్, ఎ యూఎస్ వీసా. పేరును అక్షరాలుగా కాక ఒకే మాటలా చదివితే మామూలు మాటకున్న రూలే. ‘ఎన్’తో మొదలయ్యే రెండు పేర్లు చూడండి. నీట్‌ను ఎవరూ ఎన్ఈఈటీ అనరు, అందుకని ఎ నీట్ ర్యాంక్. ఎన్నారైని అక్షరాలుగానే చదువుతాం, అందుకని యాన్ ఎన్నారై.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో వీసా మాటలు రోజూ నలుగుతూనే ఉంటాయి. చదువుకోవడానికి వెళ్తే యాన్ ఎఫ్-1 వీసా, ఉద్యోగానికి యాన్ హెచ్-1బీ, కంపెనీ బదిలీ మీద పంపితే యాన్ ఎల్-1, చూడటానికి వెళ్లే అమ్మానాన్నలకు ఎ బీ-2. ఇందులో ‘హెచ్’ గురించి ఒక మాట చెప్పాలి. ఆ అక్షరం పేరును మనం ‘హ’తో హెచ్ అంటాం. డిక్షనరీలు మొదట ఇచ్చే ఉచ్చారణలో ‘హ’ లేదు, అది ఎయిచ్. మీరు హెచ్ అని పలికినా ఎవరూ ఏమీ అనరు గానీ, రాసేటప్పుడు, పరీక్షలో పెట్టేటప్పుడు ‘యాన్’ పెట్టండి. మీ స్కూల్ హెడ్మాస్టర్ కూడా అందుకే యాన్ హెచ్ఎమ్, విడదీస్తే ఎ హెడ్మాస్టర్.

అంకెలకూ ఇదే. అంకెను కంటితో చూడకూడదు, చదివి వినాలి. ఎయిట్, ఎలెవెన్, ఎయిటీన్, ఎయిటీ అచ్చుతో మొదలవుతాయి. యాన్ 8th క్లాస్ స్టూడెంట్, యాన్ 18 ఇయర్స్ ఓల్డ్ కాకుండా యాన్ 18-ఇయర్-ఓల్డ్ గర్ల్, యాన్ 800 రుపీ శారీ. ఒకటి, వంద చదివితే ‘వన్’తో మొదలవుతాయి కాబట్టి ఎ 100 రుపీ నోట్, ఎ 108 అంబులెన్స్.

ఇంకొకటి, ఆర్టికల్ చూసేది దాని వెంటనే ఉన్న మాటనే. ఆ తర్వాత వచ్చే నామవాచకంతో దానికి పని లేదు. యాన్ అంబ్రెల్లా, కానీ ఎ బిగ్ అంబ్రెల్లా. ఎ టీచర్, కానీ యాన్ ఎక్స్‌పీరియెన్స్‌డ్ టీచర్. ఇది పిల్లలకు ఒక్కసారి చెబితే పట్టేస్తారు. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్ లాంటివి అచ్చుతో మొదలైనా లెక్కపెట్టలేనివి కాబట్టి వాటికి ‘ఎ’, ‘యాన్’ రెండూ కుదరవు. అది వేరే పాఠం, ఇక్కడ కలిపితే పిల్లలు తికమకపడతారు.

‘ద’ అనే మూడో ఆర్టికల్‌కూ ఇదే పరీక్ష పనికొస్తుంది. స్పెల్లింగ్ మారదు గానీ పలకడం మారుతుంది. హల్లు శబ్దం ముందు ‘ద’, అచ్చు శబ్దం ముందు ‘ది’. ద యూనివర్సిటీ, ది అవర్, ది ఎమ్మెల్యే, ద ఇయర్. ఎ-యాన్ పాఠం అయ్యాక అవే మాటల్ని తీసుకుని ద-ది పలికించండి, ఒకే దెబ్బకు రెండూ వస్తాయి. అలాగే మన బడుల్లో ‘ఎ బుక్’ను ‘ఏ బుక్’ అని సాగదీసి చదివిస్తారు. మామూలుగా చదివేటప్పుడు అది చాలా తేలికైన ‘అ’కు దగ్గరగా ఉండాలి. ఇది చిన్నప్పుడే సరిచేస్తే పిల్లల ఇంగ్లిష్ వినడానికి చక్కగా ఉంటుంది.

అనుమానం వచ్చిన మాటకు డిక్షనరీ చూడండి. ఫోన్‌లో స్పీకర్ బొమ్మ నొక్కితే వినిపిస్తుంది. అచ్చు పుస్తకమైతే మాట పక్కన ఉచ్చారణ గుర్తులుంటాయి. వాటిలో ఒక గుర్తు మనవాళ్లను బాగా తప్పుదారి పట్టిస్తుంది. యూనివర్సిటీ పక్కన మొదట ‘జే’ అక్షరంలా కనిపించేది ‘జ’ కాదు, ఆ పద్ధతిలో అది ‘య’కు గుర్తు. అది కనిపించిందంటే ‘ఎ’. సంవత్సరం మాట పక్కనా అదే గుర్తు ఉంటుంది, చెవి మాట పక్కన ఉండదు. పిల్లలకు ఆ రెండు పేజీలూ తీసి చూపించండి.

ఇక తరగతిలో మాట మార్చుకోవడం గురించి. దీన్ని మీరు పెద్ద అవమానంలా మనసులో పెట్టుకున్నట్టున్నారు. మీరు పిల్లలకు చెప్పిన రూల్ పూర్తిగా తప్పు కాదు, చాలా మాటలకు అది సరిపోతుంది. సరిపోని మాటలు ఇప్పుడు మీకు తెలిశాయి. రేపు ఆ పాపను పిలిచి, ఆ నోట్‌బుక్ తెరిపించి, మీ ఎర్ర గీత పక్కనే టిక్ కొట్టి, ‘నువ్వు రాసిందే కరెక్టు, ఎందుకో ఇవాళ అందరికీ చెబుతాను’ అని ఆ మాటతోనే పాఠం మొదలుపెట్టండి. చాటుగా దిద్ది ఇవ్వకండి. ఆ పాపకు అందరి ముందూ తప్పు పడింది, ఒప్పు కూడా అందరి ముందే పడాలి. మిగతా పిల్లలు కూడా తమ నోట్‌బుక్‌లలో యూనిఫామ్, యూజ్‌ఫుల్ లాంటి మాటలు వెతికి చూసుకోవాలి. వాళ్ల నాన్న చీటీ కిందే ‘చూశాను, దిద్దాను, థాంక్స్ అండి’ అని ఒక్క ముక్క రాసి పంపండి. కూతురి నోట్‌బుక్ అంత శ్రద్ధగా చూసే తండ్రి మీకు తోడే గానీ పోటీ కాదు.

డీఎస్సీ సంగతి. ఈ బిట్ ఇచ్చేవాళ్లు యాపిల్, మ్యాంగో అడగరు. స్పెల్లింగ్ ఒకటి చెప్పి శబ్దం ఇంకొకటి చెప్పే మాటల కోసమే వెతుకుతారు. ఖాళీ తర్వాతి మాట ‘యు’, ‘హెచ్’, ‘ఓ’, ‘వై’, ‘డబ్ల్యూ’ల్లో దేనితోనైనా మొదలైనా, ‘ఇ’ వెంటనే ‘యు’ ఉన్నా, పొట్టి పేరైనా, అంకె అయినా అక్కడ ఆగి పెదవి కదిపి పలికి చూడండి. మిగతా చోట్ల మీ పాత రూలే నడుస్తుంది. ప్రాక్టీస్‌కు ప్రత్యేకంగా పుస్తకం కొనక్కర్లేదు. రోజూ పొద్దున తెలుగు పేపర్ జిల్లా పేజీ తీసి, అందులో కనిపించిన ప్రతి ఇంగ్లిష్ మాట ముందూ పెన్సిల్‌తో ఆర్టికల్ పెట్టండి. ఎస్సై, ఆర్టీసీ, యాక్సిడెంట్, యూరియా బస్తా, వార్డు మెంబర్, ఎఫ్ఐఆర్, ఓటీపీ మోసం, యూనియన్ లీడర్, ఎమ్మెల్యే, హాస్పిటల్, అన్నీ ఆ ఒక్క పేజీలోనే దొరుకుతాయి. శనివారం ఆఖరి పీరియడ్‌లో అదే పేజీ మీ ఏడో తరగతి వాళ్లకూ ఇవ్వండి.